కుసుమ తడవని మూడు వారాలు

భిలాయి ఉక్కు టౌన్‌షిప్ సెక్టర్ 6లో పొద్దున్న ఆరింటికి కుళాయి వచ్చేది, ఏడింటికి పోయేది. ఆ గంటలోనే మణిమాల బకెట్లు నింపాలి, బియ్యం కడగాలి, ప్లాంటులో పోత పని చేసే ధర్మారావుకి టిఫిన్ డబ్బా కట్టి సైకిల్‌కి తగిలించాలి, కూతురు కుసుమకి స్నానం చేయించాలి. ఎనభై మూడు ఫిబ్రవరిలో ఒక ఆదివారం తర్వాత ఆ చివరి పని తప్పిపోయింది. నీళ్లు కుసుమని అంటడం మానేశాయి. చెంబుతో పోస్తే చేమాకు మీంచి జారినట్టు జారిపోయేవి.

"మంచిదే కదేటి, తువ్వాలు ఉతకక్కర్లేదు," అంది పక్క క్వార్టరు జోగమ్మ, గోడ మీదుగా. "మా కుర్రోడు నూకరాజుకి ఒంటి మసి సబ్బెట్టినా వదల్దు. నీ కూతురికి నీళ్లే అంటవు. ఎవుల గోల ఆళ్లది."

బడిలో టీచరు బహన్‌జీ హోలీ ఆటలోంచి కుసుమ పేరు కొట్టేసింది. "ఇస్ పర్ రంగ్ చఢేగా హీ నహీ," అంది, దీనికి రంగే అంటదని. అంతకుమించి ఎవరూ ఏమీ అనుకోలేదు.

ఎందుకు అంటడం లేదో కుసుమకొక్కదానికే తెలుసు.

వాళ్లది మోర్మన్ అనే క్రైస్తవ సంఘం. భిలాయిలో అంతా కలిపి ఐదిళ్లు. ఆదివారం గురునాథరావు గారి ముందుగదిలో కూడేవారు. ఆయనే ప్రెసిడెంటు. సారా, పొగాకుతో పాటు టీ, కాఫీ కూడా ముట్టకూడదు. ప్రార్థన మధ్యలో రొట్టె ముక్కలు, చిన్న గ్లాసుల్లో నీళ్లు పళ్లెంలో వచ్చేవి. తాను యోగ్యుణ్ణి కాననుకున్నవాడు తాగకుండా పళ్లెం పక్కవాడికి అందించేయాలి. అందిస్తే గదంతా చూస్తుంది. పిల్లలకి ఎనిమిదేళ్లు నిండితే బాప్తిస్మం. ఆలోపు చనిపోయినవాళ్లకి పాపం ఉండదు, నేరుగా దేవుడి దగ్గరికే.

కుసుమ తమ్ముడు చిట్టిబాబు మూడేళ్లకే జ్వరంతో పోయాడు. "వాడు అక్కడ భద్రంగా ఉన్నాడు సిస్టర్. మీరు ముగ్గురూ యోగ్యులుగా ఉంటే చాలు, నలుగురూ ఎప్పటికీ ఒక్కచోటే," అని ప్రెసిడెంటు గారు చెప్పిన మాట పట్టుకునే మణిమాల మళ్లీ అన్నం తింది.

ఆ ఆదివారానికి ముందు మంగళవారం కుసుమ బడి నుంచి వచ్చేసరికి అమ్మ రేషన్ క్యూలో ఉంది. ఇంటికి తాళం. చలికి పళ్లు టకటకలాడుతుంటే జోగమ్మ లోపలికి లాగి, అల్లం టీ సాసర్లో పోసి ఇచ్చింది. కుసుమకి తెలుసు. తెలిసే తాగింది. సాసర్ అడుగు కనపడేదాకా తాగింది.

ఆదివారం పిల్లల క్లాసులో ప్రెసిడెంటు గారి భార్య జ్ఞానప్రసూన గాజుగ్లాసు నిండా నీళ్లు పెట్టి, సిరా చుక్క ఒకటి వేసింది.

"ఇప్పుడీ నీళ్లు ఎవరు తాగుతారు?"

ఎవరూ చెయ్యెత్తలేదు.

"పాపం కూడా అంతే. ఒక్క చుక్క చాలు."

ఎనిమిదేళ్ల పిల్లకి ఉండే పాపాలు ఏపాటివో గ్లాసుకేం తెలుసు? కానీ గ్లాసు గెలిచింది. ఆ సాయంత్రం కుసుమ కాళ్లు కడుక్కోబోతే నీళ్లు పక్కకి తప్పుకున్నాయి.

పై ఆదివారం, బాప్తిస్మానికి ముందు అడగాల్సినవి అడగడానికి, గురునాథరావు ఆమెని వేరే గదిలో కూర్చోబెట్టుకున్నాడు. మంచాయన, మెత్తటి గొంతు. ముందే చేతిలో పిప్పరమెంటు పెట్టాడు.

"టీ, కాఫీ ఏమైనా తాగావా తల్లీ?"

"లేదండీ."

"యోగ్యురాలివనే అనిపిస్తోందా?"

"ఊఁ."

ఇప్పుడు రెండు చుక్కలు. పిప్పరమెంటు నోట్లో ఎంతకీ కరగలేదు. ఇంటిదారిలో కుసుమ దాన్ని తీసి గోడ మీద పెట్టింది. తమ్ముడు ఎంత అదృష్టవంతుడో అనుకుంది.

మరో రెండు వారాలు పోయాక ఆదివారం అందరూ బాప్తిస్మానికి బస్సెక్కి శివనాథ్ నదికి వెళ్లారు. తెల్లబట్టల్లో ధర్మారావు నడుంలోతుకి దిగి కూతుర్ని వెనక్కి వాల్చి ముంచాడు. ఒడ్డున సాక్షులు ఇద్దరు. వెంట్రుక కూడా పైకి తేలకూడదు, తేలితే మళ్లీ ముంచాలి.

కుసుమ పొడిగా లేచింది.

"తడవలేదు బ్రదర్. మళ్లీ," అన్నాడు గురునాథరావు.

రెండోసారీ అంతే. మూడోసారి పోతపోసే ఇసుక అచ్చులా నది ఆమె చుట్టూ గుంటపడింది. అందులో పడుకుని కుసుమ నాన్న మొహంలోకి చూసింది.

"నేను చాయ్ పీలియా నాన్నా. జోగమ్మత్త ఇంట్లో. అబద్ధం కూడా చెప్పాను. నువ్వూ అమ్మా వెళ్లినప్పుడు తమ్ముడికి చెప్పు, అక్క రాదని."

ధర్మారావు ఆమె వీపు కింద రెండు చేతులూ అలాగే ఉంచాడు. పదకొండేళ్లుగా కొలిమి వేడికి గొంతెండి క్యాంటీన్లో టీ తాగుతున్నాడు. ఏటా అదే ప్రెసిడెంటు ముందు "లేదండీ" అంటున్నాడు. ఆ చేతులతోనే ఆదివారం సంఘంలో రొట్టె విరుస్తున్నాడు.

"నేనూ తాగుతానమ్మా," అన్నాడు. ఒడ్డుకి వినపడేలాగే అన్నాడు. "రోజూ తాగుతాను. రెండు కప్పులు."

అతని కంట్లోంచి ఒక బొట్టు కుసుమ నుదుటి మీద పడింది. అది జారలేదు. అక్కడే పరుచుకుంది. ఆ వెనకే నది మొత్తం లోపలికొచ్చేసింది.

"చలి! నాన్నా, చలేస్తోంది!" కుసుమ దగ్గుతూ, నవ్వుతూ అరిచింది.

"ఇది చెల్లదు బ్రదర్," అన్నాడు గురునాథరావు నేలచూపులు చూస్తూ. "ముంచిన చేతులు యోగ్యమైనవి కావు."

మణిమాల ఒడ్డున ఖాళీ చేతులతో నిలబడి ఉంది. మూడు వారాలుగా అవసరం పడక తువ్వాలు తేలేదు.

"అయితే చిట్టిబాబు దగ్గరికి నేనొక్కదాన్నే వెళ్లాలేటండీ?" అంది.

బస్సులో ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ, తలతిప్పకుండానే కొంగుతో కూతురి జుట్టు తుడిచింది. తడిసిన కొంగుని పిండలేదు. సెక్టర్ 6 దాకా ఒళ్లో పెట్టుకునే కూర్చుంది.

తరవాతి ఆదివారం మణిమాల ఒక్కతే సంఘానికి వెళ్లింది. టీ చుక్క ముట్టని ఆమెని ఆ గదిలో వేలెత్తి చూపేవాడు లేడు. రొట్టె వచ్చింది, తర్వాత నీళ్లొచ్చాయి. పళ్లెం చేతుల్లోకి తీసుకుంది. గ్లాసులవైపు చాలాసేపు చూసింది. మూడేళ్ల మొహం ఒకటి చివరిసారిగా చూసుకుంటున్నట్టు చూసింది.

తాగకుండా పక్కావిడకి అందించేసింది.

గదంతా చూసింది. మణిమాల లేచి ఇంటికొచ్చి, కట్టెలు వెలిగించి, కూతురి తలకి నీళ్లు కాచింది.