మొదటి అంగుళం

టేపు కొసను బొటనవేలి కింద నొక్కిపెట్టి, హఫీజ్ దాన్ని టేకు దుంగ నడిమికి కింది సందులోంచి తిప్పి తెచ్చాడు. కళ్ళద్దాలు సర్దుకుని అంకె చూశాడు. ముప్పై ఏడు.

“ముప్పై ఆరు,” అన్నాడు.

వెనకాల నిలబడ్డ గుమస్తా ఉపేందర్ సుద్దముక్కతో దుంగ కొస మీద రాయడానికి వంగాడు.

ముప్పై ఆరులో నాలుగో వంతు తొమ్మిది. తొమ్మిది తొమ్మిదుల ఎనభై ఒకటి. పొడవు ఎనిమిదడుగులు. ఎనిమిదితో హెచ్చవేసి నూట నలభై నాలుగుతో భాగిస్తే నాలుగున్నర ఘనపుటడుగుల కర్ర. జనగామలోని ఈ టింబర్ డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళుగా హఫీజ్ ఈ లెక్కకు కాగితం ముట్టుకోలేదు.

ఏడు చూసి ఆరు చెప్పడంలో మోసమేమీ లేదు. ఆ గుడ్డ టేపుకు మొదటి అంగుళమే లేదు. పన్నెండేళ్ళ కిందట ఇత్తడి రింగుతో సహా అది ఊడిపోతే, పోగులు లేవకుండా భార్య తాహెరా ఎర్రదారంతో కుట్టిపెట్టింది. అప్పటినుంచీ వచ్చిన అంకెలో ఒకటి తగ్గించి చెబుతున్నాడు. సంగతి తెలిసిన పాత యజమాని ఎప్పుడో పోయాడు. కొత్త టేపు కొనవచ్చు గానీ, ఒకసారి కొట్టులో రెండు కొత్త టేపులు పక్కపక్కన పరిచి చూస్తే వాటిలో వాటికే గింజెడు తేడా వచ్చింది. ఇక కొంటాడా?

అసలాయన దేన్నీ తొందరగా నమ్మడు. దుంగ పైకి నున్నగా ఉంటే అనుమానపడి, వేలి కణుపులతో కొట్టి డొల్ల ఉందేమో వింటాడు. మనుషులతోనూ అంతే. ఎవరైనా కాస్త తియ్యగా పలకరిస్తే, వీడికి నాతో ఏం పని పడిందబ్బా అని ఆలోచిస్తాడు. అందుకే స్నేహితులు తక్కువ. అయినా కొడకండ్ల నుంచీ బచ్చన్నపేట నుంచీ దర్వాజల కర్ర కోసం వచ్చేవాళ్ళు “హఫీజ్ భాయ్ కొలిచిండా?” అని ఒక్క మాట అడిగి బండికెత్తుకుంటారు. ఆయన సంపాదించుకున్నదల్లా ఆ ఒక్క మాటే.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై నెల కావస్తోంది. బస్సులు లేవు, కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. కోత మిషన్ ఆగిపోయింది. ఇప్పటి యజమాని సంజీవ చౌరస్తాలోని దీక్షా శిబిరంలో కూర్చుంటున్నాడు. ఊరికే ఉండలేక హఫీజ్, ఉపేందర్ ఉన్న దుంగలన్నీ మళ్ళీ కొలిచిపెడుతున్నారు.

మధ్యాహ్నం నమాజు చేసుకుని వచ్చి వరస వెంట నడుస్తూ హఫీజ్ ఆగిపోయాడు. తాను ముప్పై ఆరు చెప్పిన దుంగ మీద ముప్పై ఏడు ఉంది. పక్కదాని మీద నలభై ఒకటికి నలభై రెండు. వరసంతా అంతే, ఒక్కో అంగుళం ఎక్కువ.

ఆర్నెల్ల కిందట పనిలో చేరిన ఈ ఉపేందర్, పొద్దున అడగకుండానే చాయ్ తెచ్చిచ్చాడు. నిన్న చేతిసంచీ మోస్తానన్నాడు. ఇప్పుడర్థమైంది. ముసలాడు తప్పుడు కొలతలు కొలుస్తున్నాడని సంజీవకు చూపించి, ఆ పనిలో తాను కుదురుకోవాలని ఎత్తు వేశాడు. అడిగితే తేలిపోయేది. కానీ అడిగితే జాగ్రత్తపడతాడని హఫీజ్ అడగలేదు.

మూడింటికి బచ్చన్నపేట పోశాలు ట్రాక్టరు వేసుకొచ్చాడు. వారం కిందట హఫీజ్ చేత కొలిపించుకుని, ఎంచిపెట్టుకుపోయిన దుంగ కోసం వచ్చాడు. సుద్ద అంకె చూసి నవ్వాడు.

“మొన్న ముప్పై ఆరన్నవు గద భాయ్. వారం దినాలల్ల దుంగ బలిసిందా ఏంది?”

హఫీజ్ ఉపేందర్ వైపు చూశాడు. ఉపేందర్ తల దించుకున్నాడు.

“మల్ల కొలుస్త,” అని హఫీజ్ టేపు తిప్పాడు. పోశాలు వంగి మరీ చూశాడు.

“ముప్పై ఆరు,” అన్నాడు హఫీజ్.

“నోట్లె ఆరు, టేపుల ఏడు. ఏది నమ్మాలె?” పోశాలు ఇప్పుడు నవ్వడం లేదు. “జర ఆ బొటనేలు తియ్యి భాయ్. కింద ఏముందో సూస్త.”

ముప్పై ఒక్క ఏళ్ళలో ఆ మాట ఎవరూ అనలేదు. తీస్తే ఎర్రదారం కుట్టు కనిపించేది, అంతటితో అయిపోయేది. కానీ హఫీజ్‌కు ఒళ్ళంతా తడిమించుకున్నంత అవమానమైంది.

“భరోసా లేకుంటే ఏలు తీసినా రాదు,” అన్నాడు. టేపు చుట్టి గుంజకున్న మేకుకు తగిలించాడు. ఉపేందర్ వైపు తిరిగి, “నీకు గావాల్సింది గిదే గద. ఇగ నువ్వే కొలువు,” అన్నాడు.

“గట్ల గాదు భాయ్, జర ఇను...” అని ఉపేందర్ వెంటపడేలోపే గేటు దాటాడు. పోశాలు దుంగ ఎత్తుకోకుండానే వెళ్ళిపోయాడు.

సంజీవ రెండుసార్లు కబురు పెడితే, మోకాళ్ళ నొప్పులని చెప్పించాడు. ఉపేందర్ స్వయంగా ఇంటికొచ్చాడు. పడుకున్నాడని తాహెరా చెప్పింది. హఫీజ్ పరదా వెనకే కూర్చుని, వీడు ఇంకా ఏం లాక్కోవడానికి వచ్చాడోనని చెవులు రిక్కించాడు. బస్సులు తిరగడం మొదలైన రోజే అద్దె ఇల్లు ఖాళీ చేశాడు. తాళంచెవి పక్కింట్లో ఇచ్చి, భార్యతో, రెండు సంచులతో మానుకోట బస్సెక్కాడు. అక్కణ్ణుంచి గూడూరు. అక్కడ కూతురు గజాలా ఉంది.

ఆ సంగతి తెలిశాక ఉపేందర్ సంజీవ ముందు నోరు విప్పాడు.

“భాయ్‌కి కండ్లు మసకలొచ్చినయనుకున్న సేటూ. గీ వరసలు మల్ల కొలుస్తుంటె ఎనకకెల్లి సూసిన, ఏడు సూసి ఆరంటుండు. నీకు తెలిస్తే పనికెల్లి తీసేస్తవని, నేనే సుద్దతోని సక్కజేస్కుంట వచ్చిన. ఎవ్వలకు చెప్పలే.”

“పోశాలు దుంగ నువ్వే కొలిచి పంపు,” అని సంజీవ లేచిపోయాడు.

ఉపేందర్ మేకు మీది టేపు తీశాడు. అది అతని చేతికి రావడం అదే మొదటిసారి. దుంగకు చుట్టబోతూ కొస కోసం వేలితో తడిమాడు. అక్కడ ఒకటో అంకె, దాని అంచునే ఎర్రదారం కుట్టు, ఆ కుట్టు మీద పన్నెండేళ్ళుగా ఒకే బొటనవేలు నొక్కి నొక్కి పడిన నల్లటి మరక ఉన్నాయి.