ముప్పై ఏడో నంబరు పాట

రెండువేల ఒకటిలో సుధకు కాల్ సెంటర్‌లో మూడు వారాల శిక్షణ. చివర్లో ఫోన్ పరీక్ష. ఇంగ్లండ్ వాళ్లలా మాట్లాడితే ఉద్యోగం, లేకపోతే ఇంటికి. నేను పలాస దగ్గర పల్లె బడిలో చదివినవాణ్ణి. ఇంగ్లీషు రాక రైల్వేలో గుమాస్తాగానే రిటైరయ్యాను. నా కూతురికి ఆ గతి వద్దనుకున్నాను.

సికింద్రాబాద్ స్టేషన్ ఎదుట క్యాసెట్ల కొట్టుకు వెళ్లి, ఇంగ్లండ్ మనుషుల గొంతు ఏదైనా ఇమ్మన్నాను.

"ది టిన్ అంబ్రెల్లాస్," అన్నాడు కొట్టతను. "అసల్ ఇంగ్లండ్ పోరల బ్యాండు సార్. రెండేండ్లు పాడి బంద్ జేసిన్రు. ఒక్క పాటకు ఆడి హిట్ పాటల లిస్టుల ముప్పై ఏడో నంబరొచ్చింది."

"ముప్పై అయిదు దాటింది. పాసే కదా," అన్నాను.

అతను నవ్వాడు. ఎందుకో అడగలేదు.

మల్కాజ్‌గిరి ఇంట్లో ఇక పొద్దున్నే ఆ పాటలే. సుధ క్యాసెట్ ఆపి, వెనక్కి తిప్పి, ఒక్కో ముక్క వాళ్లు పలికినట్టే పలికేది. నా భార్య గవరమ్మ ఉంటే ఆ గోల ఆపించేది. లేదు కాబట్టి సాగింది.

పరీక్షకు ముందురోజు సుధ ఏడుస్తూ వచ్చింది.

"ఆ బ్యాండోళ్లది ఎక్కడో ఉత్తరాన మిల్లుల ఊరంట నాన్నా. ఆళ్ల యాస నాకు పట్టీసింది. రేపు పరీక్షకి కూకోబెట్టనన్నాడు ట్రైనరు."

క్యాసెట్ తెచ్చింది నేను. మర్నాడు ఆమెతో బేగంపేటలో వాళ్ల కాల్ సెంటర్‌కి వెళ్లాను. జన్మలో ఎవరి దగ్గరా తప్పు ఒప్పుకోలేదు, గవరమ్మ దగ్గర కూడా. ట్రైనర్ రాజేందర్ దగ్గర ఒప్పుకున్నాను.

"లండన్ల పెద్ద సాబుల లెక్క మాట్లాడమంటే మీ బిడ్డ గల్లీ పోరల లెక్క మాట్లాడుతున్నది అంకుల్. నేనేం జెయ్యాలె?"

"మీకు ఫోన్ చేసేది పెద్ద దొరలేనా? ఆ మిల్లుల ఊరోళ్లు చెయ్యరా?"

అతను తల గోక్కున్నాడు. "చేస్తరు. మా మాట సమజ్ కాదని రోజూ తిడ్తరు."

"అయితే ఆళ్లని దీనికియ్యి."

"యూనియన్ లీడరా ఏంది మీరు?" నవ్వాడు. "సరే. ఒక్క కాల్. ఖరాబైతే నన్ను అడగొద్దు."

సుధను లోపలికి తీసుకెళ్లాడు. నేను అద్దం ఇవతల నిలబడ్డాను. సుధ హెడ్‌సెట్ పెట్టుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది. తర్వాత మాట్లాడింది, ఆగకుండా. కాసేపటికి నవ్వింది. రాజేందర్ పక్కసీట్ల వాళ్లను పిలిచి వినమన్నాడు. తర్వాత తలుపు తీసి బయటికి వచ్చాడు.

"ఆ మిల్లుల ఊరి ముసలామె ఒకామె ఫోన్ పెడ్తలేదు అంకుల్. మా ఊర్ల ఏ వీధి పిల్లవని అడుగుతున్నది."

"ఏటి చెప్పింది?"

"సికింద్రాబాద్ అని చెప్పేసింది. చెప్పొద్దని మా రూలు." ఒకసారి లోపలికి చూశాడు. "గా ముసలామె అయినా పెడ్తలేదు. మీ బిడ్డ పాసైతది. మీరు జెర ఇంటికి పొండ్రి."

పోలేదు. మల్కాజ్‌గిరికి బస్సులు చాలా ఉంటాయి.