గిద్యోను నోటి దగ్గర

నేను గరాటు మూతి ఉన్న ఒక చేతి మైకును. ఎన్నికల జీపుల్లోనూ, తీర్థాల్లో తప్పిపోయిన పిల్లల పేర్లు పిలిచే చోటా నా జాతివాళ్ళను మీరు చూసే ఉంటారు. నాకు సొంత మాట లేదు. ఎవరు నోరు ఆనిస్తే వాళ్ళ మాటను పెద్దది చేసి అవతలికి తోస్తాను. అది మంచిదో చెడ్డదో అడిగే అలవాటు నాకు లేదు. ఆ విషయంలో నన్ను పట్టుకున్నవాళ్ళలో చాలామంది నాలాంటివాళ్ళే.

ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. పెట్టెలో పెట్టేముందు ఒకావిడ నా మూతి దగ్గర "హలో, హలో" అని, ఆవలించి, పక్కన పడేసింది. విజయవాడలో ఒక షాపు అద్దాల వెనక ఏడాది కూర్చున్నాక జెఫన్యా అయ్యగారు నన్ను కొన్నారు. హనుమాన్ జంక్షన్ దాటాక, రోడ్డు పక్కనే ఆయనకు సువార్త శిక్షణ కేంద్రం ఉంది. విశ్వాసులను చేర్చుకుని, నలభై రోజులు తర్ఫీదు ఇచ్చి, ఇద్దరిద్దరిని జతచేసి ఊళ్ళమీదికి పంపేవారు.

నేను వచ్చిన విడతలో పదహారు మంది ఉన్నారు. వాళ్ళలో గిద్యోను ఒకడు. ముప్ఫై ఏళ్ళవాడు. ఐసు ఫ్యాక్టరీలో గ్యాసు లీకై, ఊపిరితిత్తులు దెబ్బతిని, ఒక మిషను ఆసుపత్రిలో మూడు నెలలు పడుకున్నాడు. రోజూ సాయంత్రం ఒక ముసలి నర్సు తన పని అయిపోయాక కూడా ఇంటికి పోకుండా, అతని మంచం పక్కన కూర్చుని కీర్తన చదివేదట. బతికి బయటపడ్డాక ఆ సంగతి నలుగురికీ చెప్పాలని అతని కోరిక. కానీ అతనికి నత్తి.

ఉదయం ప్రార్థన కాగానే ఒక్కొక్కరూ నన్ను పట్టుకుని దేవుడు తమకేం చేశాడో మూడు నిమిషాల్లో సాక్ష్యం చెప్పాలి. గిద్యోను వంతు వచ్చింది. "నా ప్ర... ప్రభువు యే... యే... యే..." అంటూ ఆ పేరు దగ్గరే ఆగిపోయాడు. విరిగిన ఆ ముక్కలను ఒక్కటీ పోనివ్వకుండా రోడ్డు దాకా మోశాను. ఆగి ఉన్న లారీలో క్లీనరు పగలబడి నవ్వాడు.

"మోషేకూ నోరు తిరగలేదు. కాకపోతే ఆయన బదులు మాట్లాడటానికి అన్న అహరోను ఉన్నాడు. నీకెవరున్నారయ్యా?" అన్నారు అయ్యగారు.

పదిహేను మందీ నవ్వారు. ఒకడు "ఆమెన్" అన్నాడు.

"ప్రభువు పేరు పలకని నోటికి అన్నమెందుకు? పలికి, వచ్చి తిను."

ఆ రోజు గిద్యోను నన్ను పట్టుకుని ఎండలో నిలబడ్డాడు. మర్నాడూ నిలబడ్డాడు. మధ్యాహ్నం వేళ పడిపోయాడు. వంటావిడ పరుగెత్తుకొస్తే, "ఉపవాసంలో ఉన్నాడమ్మా, కదపకు" అన్నారు అయ్యగారు.

నలభయ్యో రోజున అందరి తలలమీదా చేతులుంచి ప్రార్థించి పంపారు. గిద్యోనుకు జత ఫిలేమోను. గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలడు. "వాక్యం నాటుకోని గట్టి నేలకు పంపుతున్నాను. మాటలు ఫిలేమోను చూసుకుంటాడు, నువ్వు సంచులు మొయ్యి" అన్నారు గిద్యోనుతో.

నౌపడ అవతల ఉప్పు మడుల పక్కన ఒక పేటలో దిగాం. ఫిలేమోను పొద్దునా సాయంత్రం నాలో అరిచాడు. జనం తలుపులు వేసుకున్నారు. ఉప్పునీళ్ళు పడక, ఎనిమిదో రోజున ఫిలేమోను "రిపోర్టు ఇచ్చి వస్తానన్నా" అని వెళ్ళి, మళ్ళీ రాలేదు. గిద్యోను నన్ను పాక గుంజకు తగిలించి, మడుల్లో పనికి పోయాడు. అందరితోపాటు చెక్క పలకతో ఉప్పును గట్టుకు లాగేవాడు. చేతులు పుళ్ళుపడ్డాయి.

ఒక రోజు అప్పలనరసమ్మ అనే ముసలమ్మ అతని ఎదుట చతికిలబడింది. ఆ పేటలో ఆమె మాటకు విలువ ఉంది.

"ఏటో సెప్దామని వొచ్చినావట కదా బాబూ. సెప్పు."

"నా... నాకు మా... మాట..."

"నిదానంగా సెప్పు. ఉప్పు ఆరేదాకా మాకేటి పనుంది?"

చెప్పాడు. గ్యాసు గురించి, నర్సు గురించి, ఆమె చదివిన కీర్తన గురించి చెప్పడానికి పొద్దు వాలేదాకా పట్టింది. చుట్టూ చేరినవాళ్ళలో ఒక్కరూ లేవలేదు. అలా మూడు నెలలకు ప్రతి ఆదివారం ఇరవై మంది గట్టుమీద కూర్చునేవారు. ఒక ఆదివారం "యేసు" అన్న పేరు అతని నోట ముక్క విరగకుండా వచ్చింది. అతను ఆగిపోయి అందరి వంకా చూశాడు. అప్పలనరసమ్మ మాత్రం, "ఊఁ, తరవాత?" అంది.

ఆ సంతోషంలో గిద్యోను కేంద్రానికి ఉత్తరం రాశాడు. అదే అతను చేసిన తప్పు.

పది రోజులకు అయ్యగారు కారులో, కెమెరా అతన్నీ ఫిలేమోనునూ వెంటబెట్టుకుని వచ్చారు. ఫిలేమోను నన్ను గుంజమీంచి తీసుకుని గట్టెక్కాడు. "నేను ఈ పేటలో అడుగుపెట్టిన రోజు ఇక్కడ అంతా చీకటి" అని మొదలుపెట్టాడు. గిద్యోను వెనక కుర్చీలు వేస్తున్నాడు.

అప్పలనరసమ్మ లేచింది. "ఈ బాబు మాకెరిక నేదు. మాకు సెప్పినోడు ఆ బాబు. ఆయన్నే సెప్పమనండి."

అయ్యగారు నవ్వుతూ నన్ను గిద్యోను చేతికిచ్చారు. కెమెరా అతని వైపు తిరిగింది. అతను నన్ను నోటికి ఆనించుకున్నాడు. "యే... యే... యే..."

నా పిడి పక్కన ఒక ఎర్ర బొత్తం ఉంటుంది. అయ్యగారు చెయ్యి చాపి అది నొక్కారు. అంబులెన్సులా సైరను మోగింది. పిల్లలు ఉలిక్కిపడి, ఆ వెంటనే కిలకిలలాడారు. తర్వాత పెద్దవాళ్ళు నవ్వారు. మూడు నెలలు ఓపిగ్గా విన్నవాళ్ళే. అప్పలనరసమ్మ పైట నోట్లో కుక్కుకుంది గానీ, భుజాలు ఊగిపోతున్నాయి. గిద్యోను ఇంకెవరినీ చూడలేదు, ఆమెనే చూశాడు. నా జన్మలో నేను అంత స్పష్టంగా ఎన్నడూ పలకలేదు.

కారు బయల్దేరేముందు అతనంతట అతనే ఎక్కి కూర్చున్నాడు.

కేంద్రంలో అతన్ని వంటింట్లో పెట్టారు. "నోటి ముడి వీడేదాకా నీ సేవ ఇదే" అన్నారు అయ్యగారు. గిద్యోను అది నమ్మాడు. నన్ను పక్కన సామాన్ల గదిలో మేకుకు వేలాడదీశారు. నా సెల్లులు ఎవరో తీసి టార్చిలైటులో వేసుకున్నారు.

వానలు వెళ్ళాక ఒక పగలు ముందు వాకిట్లో తెలిసిన గొంతు వినబడింది. కరపత్రం వెనక అచ్చయిన చిరునామా పట్టుకుని, రెండు రైళ్ళు మారి, అప్పలనరసమ్మ వచ్చింది.

"దండాలు బాబూ. గిద్యోను బాబు ఉన్నాడేటండి? ఆ దినం నాను నవ్వీసినాను. నవ్వకూడదు గానీ వొచ్చీసింది. ఆ మాట సెప్పుకుందామని వొచ్చినాను."

"అతన్ని ఒడిశా పంపించామమ్మా. దేవుడు బాగా వాడుకుంటున్నాడు" అన్నారు అయ్యగారు. ఆమెను పక్కన నిలబెట్టుకుని ఫొటో తీయించుకున్నారు.

గోడకు ఇవతల గిద్యోను చేతిలో మసి గిన్నె ఉంది. తలుపు దగ్గరకు పరుగెత్తాడు. చుట్టాలొచ్చినప్పుడు పనివాళ్ళు కనబడకూడదని దానికి అవతల గొళ్ళెం పెడతారు. "మా... మా..." అన్నాడు. గొంతు పైకి లేవలేదు. గదిలోకి వచ్చి నన్ను మేకుమీంచి లాగి, కిటికీ ఊచలకు ఆనించి, బొత్తం నొక్కాడు. నొక్కి, మళ్ళీ నొక్కాడు. నాలో ప్రాణం లేదు. "మా... మా..." అన్న ఆ గాలి నా లోపల తిరిగి అక్కడే ఆగిపోయింది.

రోడ్డుమీద బస్సు ఆగి కదిలిన చప్పుడు అయ్యింది. ఆ తర్వాత చాలాసేపటికి "మామ్మా" అన్న పిలుపు అతని నోట పూర్తిగా వచ్చింది. గదిలో నేనూ, ఉల్లిపాయల బస్తాలూ విన్నాం.

వచ్చే విడతకు కొత్త మైకు వచ్చింది. నన్ను పాత ఇనప సామాన్లవాడి బండిదాకా గిద్యోనే తెచ్చాడు.

"ఇది పలుకుద్దా?" అని అడిగాడు వాడు.

గిద్యోను జవాబు చెప్పడానికి నోరు తెరిచాడు. వాడికి తీరిక లేదు. నన్ను రేకుల మీదికి విసిరి, బండి తోసుకుంటూ పోయాడు.