నోరు జారిన అభినందనలు

కొలోన్‌లోని ఓ ఆసుపత్రిలో డాక్టర్ ఉల్రికె ముందు ఇద్దరు ముసలి స్నేహితులు కూర్చున్నారు. ఇద్దరూ ఒకప్పుడు ట్రాములు నడిపినవాళ్ళే. ఇద్దరిదీ నెమ్మదిగా ముదిరే ఒకే రకం రక్త క్యాన్సర్, ఇంకా ఏ మందూ పడలేదు.

"కొత్త మాత్రలు మేలో, పాత కీమో మేలో మాకే తెలీదండీ. అందుకే రెంటినీ పోల్చే ఈ మందుల పరీక్ష. ఎవరికేదో కంప్యూటరే చీటీ తీసినట్టు తేలుస్తుంది," అందామె.

గిస్‌బర్ట్ పేరు పక్కన మాత్రలని పడింది.

"అభినందనలండీ!" నోరు జారింది ఉల్రికె. అతని ముఖం చాటంతయింది.

తర్వాత డెట్లెఫ్‌కి కీమో పడింది. ఆమె పెన్ను మూత తీసి, పెట్టి, మళ్ళీ తీసింది.

"ఏం డాక్టరమ్మా, వాడికి చెప్పారు, నాకు లేవా అభినందనలు?" నవ్వాడు డెట్లెఫ్.

ఉల్రికెకు తల కొట్టేసినట్టయింది. మాకే తెలీదన్న నోరే గుట్టంతా కక్కేసింది.

"ఇష్టం లేకపోతే ఇప్పుడైనా తప్పుకోవచ్చండీ," అని గొణిగింది.

"తప్పుకుంటే మాత్రలిస్తారా?"

"లేదండీ... ఈ పరీక్ష బయట ఇంకా అందరికీ కీమోనే."

గిస్‌బర్ట్ నవ్వు ఆరిపోయింది. లేచి స్నేహితుడికి కోటు తొడిగాడు. వెళ్తూ డెట్లెఫ్ ఎప్పటిలాగే చెయ్యి చాపాడు. ఉల్రికె అరచెయ్యి తన తెల్లకోటుకు తుడుచుకుని గాని ఆ చేతిని అందుకోలేకపోయింది.