డప్పుగాడి చదువు

గాసి పెంచుకునే కుక్కకి డప్పు అని ఊరు పెట్టిన పేరు. ఆకు రాలినా అరుస్తుంది, కోడి తుమ్మినా అరుస్తుంది. ఉప్పూ ఎండుచేపలూ మోసుకుని ఘాటీ దారి ఎక్కే పెరికెద్దులు ఇంకా వాగు దాటకముందే ఊరంతటికీ కబురు చెప్పేస్తుంది. దాని నోట్లో నువ్వుగింజ నానదు. ఇంటి దగ్గర కాబట్టి సరిపోయింది గానీ, అడవిలో ఆ నోరే గాసి కొంప ముంచింది.

ఇటుకల పండగకి మగవాళ్లంతా వేటకి వెళ్లాలి. ఒట్టి చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు ఊరి మొదట్లో కాచుకుని పేడనీళ్లు కుమ్మరిస్తారు. అది ఆ కొండల మీద తాతలనాటి ఆచారం. వరసగా రెండేళ్లు పంది ఇంకా పొదలో ఉండగానే డప్పు గొంతెత్తింది, పంది పక్క కొండకి చెక్కేసింది, మగవాళ్లు తడిసి ముద్దయ్యారు. కుండలు ఎక్కువగా ఖాళీ అయింది గాసి నెత్తి మీదే. నిరుడు మొదటి కుండ వంచింది ఎవరనుకున్నారు? కట్టుకున్న పెళ్లాం అచ్చియమ్మే!

ఈ ఏడు పండగ నెల రోజులుందనగా ఊరిపెద్ద పోలయ్య గుమ్మంలోకి వచ్చి తేల్చేశాడు.

"ఒరే గాసీ, ఈ పాలి కూడా నీ కుక్క వేట సెడగొడితే దాన్ని ఎడ్లు తోలే పెరికోళ్లకి ఇచ్చీడమే. మైదానానికి తోలుకుపోతారు."

గాసి డప్పుని దగ్గరికి లాక్కున్నాడు. కళ్లు తెరవని కూనగా ఉన్నప్పుడు తెచ్చి, మేకపాలు పట్టి పెంచిన కుక్క అది. ఆ పూట తన అంబలి కూడా దానికే పోసేశాడు.

"బెంగెట్టుకోకు మావా, దానికి నాను నేర్పుతాను" అంది అచ్చియమ్మ.

మర్నాడు చూస్తే ఆవిడ చేతిలో ఎండుచేప ముక్క పట్టుకుని కుక్క ముందు కూర్చుంది. "మొరుగు నా బాబూ, మొరుగు నా రాజా" అని గారాలు పోతోంది. గాసికి ఒళ్లు మండింది.

"ఓలె, ఏటి సేత్తన్నావు? మొరిగే కుక్కకి మొరగడం నేర్పుతన్నావేటి?"

"మొరగమన్నప్పుడు మొరగడం దానికి తెలిత్తే, ఊరుకోమన్నప్పుడు ఊరుకోడం కూడా తెలుత్తాది."

డప్పు నాలుగు అరుపులు అరిచాక "ఇంక సాలు" అని చేపముక్క ముక్కు దగ్గర పెట్టేది. వాసన చూస్తూ అరవడం ఏ కుక్కకీ చేతకాదు కదా! నోరు మూసిన మరుక్షణం ముక్క నోట్లో పడేది. రోజురోజుకీ ఆ మరుక్షణాన్ని సాగదీస్తూ పోయింది. గాసి మాత్రం ఆమె గొంతుని వెక్కిరించి నవ్వేవాడు. నువ్వూ నేర్చుకో మావా అంటే, కుక్కతో గారాలు పోవడం మగాడి పనేనా అని దులపరించుకున్నాడు.

పండగ నాటికి పెరికెద్దులు గంటలు మోగించుకుంటూ గుమ్మం ముందు నుంచి పోయినా డప్పు కిక్కురుమనలేదు.

వేటలోనూ అంతే. పొద్దుటినుంచి పిల్లిలా నడిచింది. పోలయ్య రెండుసార్లు వెనక్కి తిరిగి, కుక్క ఉందో లేదో చూసుకున్నాడు. మధ్యాహ్నానికి వెదురుపొదలో పంది జాడ దొరికింది. మిగతా కుక్కలన్నీ అవతలివైపు నుంచి తోలుతున్నాయి. పంది ఇటు దూసుకొచ్చింది. ఇటువైపు ఉన్న కుక్క డప్పు ఒక్కటే. ఇప్పుడు మొరిగి పందిని నిలేస్తేనే ఈటెలు అందుతాయి. డప్పు మాత్రం నోరు మూసుకుని బుద్ధిగా కూర్చుంది.

"మొరగరా!" అని గాసి గావుకేక పెట్టాడు. డప్పు అతనికేసి చూసి తోక ఊపింది.

"బేగి మొరుగు, నీ దుంపతెగ!" మళ్లీ తోకే ఊపింది.

పంది దాటిపోతోంది. చుట్టూ పదిహేను మంది మగాళ్లున్నారు. పేడకుండలు సరే, ఎన్నిసార్లయినా తడవచ్చు. పెరికోళ్ల తాడు డప్పు మెడకి పడటం గాసి కళ్లకి కట్టింది. సిగ్గూ శరమూ వాగులోకి విసిరేసి, గొంతు సన్నం చేసి, సాగదీసి పిలిచాడు.

"మొరుగు నా బాబూ... మొరుగు నా రాజా!"

అచ్చం అచ్చియమ్మే! డప్పు నెలరోజుల బాకీ తీరేలా విరుచుకుపడింది. పంది బెదిరి ఆగింది, గిర్రున తిరిగింది. పోలయ్య ఈటె దాని డొక్కలో దిగింది. ఆ పందిని మోయడం చాలాసేపటిదాకా ఎవరివల్లా కాలేదు, నవ్వి నవ్వి అందరి చేతులూ పట్టుతప్పాయి.

ఊరి మొదట్లో పందిని చూసి ఆడవాళ్లు కుండలు దించారు. పోలయ్య జరిగిందంతా ఊరించి ఊరించి చెప్పాడు. "మా ముందర కూడా ఓపాలి అను" అని ఆడవాళ్లు పట్టుబట్టారు. గాసి ససేమిరా అన్నాడు. కుండలు మళ్లీ లేచాయి. అందరికంటే ఎత్తున లేచింది అచ్చియమ్మ కుండ.

"అంతావా, తడుత్తావా మావా?"

గాసి గొంతు సవరించుకుని, అచ్చం అచ్చియమ్మలాగే ఆ మాట అన్నాడు. డప్పుకి మతిపోయింది. గాసి కాళ్లు వాసన చూసింది, పరిగెత్తి అచ్చియమ్మ మొహంలోకి చూసింది. ఆవిడ కుండ పక్కన పెట్టి, నవ్వుతో నిండిన కళ్లు తుడుచుకుని దాని తల నిమిరింది.

"అలా సూత్తావేటి? మీ అయ్య సెప్పినాడు గదా, ఇను."

డప్పు గాసి వైపు తిరిగి, అతని మాటకే కొండలు దద్దరిల్లేలా మొరిగింది. నిరుడు కూడా ఊరంతా గాసిని చూసి ఇలాగే నవ్వింది. ఈసారి అందరికంటే గట్టిగా నవ్వినవాడు గాసే.