చెంగమ్మ పెట్టిన నెయ్యన్నం

మద్రాసు చింతాద్రిపేటలో చెంగమ్మ ఇంటి కుక్కని చూసి వీధంతా ముసిముసిగా నవ్వింది. బియ్యానికి రేషను ఎత్తేసిన ఏడు అది. జనం కడుపునిండా తిని కాస్త ఒళ్ళు చేస్తున్న రోజులు. అలాంటప్పుడు డొక్కలు బయటపడ్డ కుక్క వాకిట్లో నిలబడితే ఏ ఇల్లాలికి తలవంపులు కాదు?

దాన్ని తెచ్చింది కోడలు అలమేలు. ఆమె పుట్టిల్లు కోవిల్‌పట్టి పక్క, వేటకుక్కల్ని పెంచే ఇల్లు. కుక్కపిల్లని ఇంటి ఆడపిల్ల చేతికిచ్చి, వేటకి ఎదిగాక తిరిగి తెచ్చుకోవడం వాళ్ళ ఆనవాయితీ. అలమేలుకి నాయన నమ్మి ఇచ్చిన మొదటి పిల్ల ఇదే, పేరు పులి. తెల్లవారగానే కూవం ఏటి గట్టున పరుగెత్తించి, ఇంత సజ్జ అంబలి పోసేది. కట్టేసేది కాదు.

"ఈడ తిండికి గతిలేదని ఊరంతా చెప్పుకోవాలనా నీ ఎత్తు?" అంది చెంగమ్మ.

"దీనికి ఎముకలు కనపడాల అత్తా. ఒళ్ళొస్తే కాళ్ళు పోతాయి."

కోడలు పాఠం చెబుతుంటే చెంగమ్మకి ఒళ్ళు మండిపోయింది. ఎన్ని పెళ్ళిళ్ళలో ఎన్ని విస్తళ్ళు నింపిన చెయ్యి తనది! అలమేలు బట్టలుతికే వేళ చూసి కుక్కకి నెయ్యన్నం ముద్దలు పెట్టింది. మొదట పులి మొహం తిప్పుకుంది. ఆ జాతి ఒక్కరి చేతినే నమ్ముతుంది. చెంగమ్మ పంతం దానికన్నా మొండిది. పోనుపోను అది వంటింటి గడప వదల్లేదు, పరుగుకి పిలిస్తే లేవలేదు.

"ఏమన్నా పెడతా ఉండావా అత్తా?"

"నాకేం పని?" అంది చెంగమ్మ, కళ్ళలోకి చూస్తూనే.

ఒంటికి నీరు పట్టిందేమోనని అలమేలు అంబలి కూడా తగ్గించింది. అయినా పులి ఉబ్బుతూనే ఉంది.

వేట కాలానికి కుక్కని తీసుకుపోదామని అలమేలు తమ్ముడు చెంగల్రాయుడు వచ్చాడు. కుక్క డొక్కలు తడిమాడు, నడిపించి చూశాడు. అది ముందుకాలు ఈడ్చింది.

"ఎవురు మేపినారు దీన్ని?"

"నేనే," అంది చెంగమ్మ గర్వంగా. "నా ఇంట్లో ఏ ప్రాణీ పస్తుండదు."

చెంగల్రాయుడు అక్క వైపు తిరిగాడు. "ఇది ఇంక పరిగెత్తదు. నాయిన మళ్ళా నీ చేతికి పిల్లనియ్యడు అక్కా." కుక్కని వదిలేసి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం చెంగమ్మ గరిటెతో అన్నం తీసి వడ్డించబోయింది. అలమేలు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టింది.

"ఒద్దు అత్తా. నువ్వు పెట్టేది ఇంక నేను తినను."

లేచి పెరట్లోకి వెళ్ళి మూడు రాళ్ళు పేర్చి, తన పొయ్యి తాను వెలిగించుకుంది. చెంగమ్మ చేతి అన్నం కాదన్నవాళ్ళు ఇంతవరకూ లేరు. గరిటెలో అన్నం చల్లారిపోతున్నా ఆమెకి దాన్ని ఎక్కడ పెట్టాలో తోచలేదు.