టైటానియం కుర్చీ

వెల్డింగులో ఆయన చెయ్యి తిరిగినవాడు. రసాయనాల ఫ్యాక్టరీలకు గొట్టాలు అతికే షాపులో పని. భార్య లెక్కల టీచరు. పెళ్లయిన కొత్తలోనే మెట్ల మీంచి పడి ఆవిడకు నడుము కింద చచ్చుబడింది. అయినా ఇంట్లో ముడుచుకుని కూర్చునే మనిషి కాదు. చేతులతోనే నడిపేలా మార్పించిన చిన్న కారులో తనే స్కూలుకు వెళ్లివస్తుంది. చక్రాల కుర్చీలోంచి కారు సీట్లోకి తనే మారగలదు. ఆ ఉక్కు కుర్చీని లోపలికి లాగడం మాత్రం ఆవిడ వల్ల కాదు. ఇంటి దగ్గర ఆయన ఎత్తిపెట్టేవాడు, స్కూల్లో వాచ్‌మన్ దించేవాడు.

ఒకనాడు వాచ్‌మన్ రాలేదు. ఆ సాయంత్రం కూరగాయలు తరుగుతూ ఆవిడ మామూలు కబురులా చెప్పింది.

"ఇవాళ మొదటి పీరియడంతా కారులోనే కూర్చున్నా. ఫోను చూస్తే ఇంట్లో మర్చిపోయా. పిల్లలు కిటికీలోంచి నాకు చేతులూపుతున్నారు. నేనూ ఊపాను."



మర్నాడే షాపు యజమానిని అడిగి, మిగిలిపోయిన టైటానియం గొట్టం ముక్కలు ఇంటికి తెచ్చాడు. ఆవిడ ఒక ముక్కను చేత్తో ఎత్తి చూసింది. బోలుగా, బెండులా ఉంది.

"ఇది ఆగుతుందా నా బరువుకి?"

"ఉక్కులో ఇంచుమించు సగం బరువు. బలానికి మాత్రం తీసిపోదు. వానలో తడిసినా తుప్పు పట్టదు."

"అంత మంచిదైతే అందరూ దీంతోనే చేయొచ్చుగా?"

"ఖరీదు. పైగా మహా మొండిది. డ్రిల్లు వేస్తే వేడంతా మొన దగ్గరే ఉండిపోయి మొనని తినేస్తుంది. అతికేటప్పుడు వేలిముద్ర పడకూడదు, చల్లారేదాకా గాలి సోకకూడదు. సోకిందా, పాడైపోతుంది."

"ఖరీదెక్కువ, అలకెక్కువ. కొత్త అల్లుడన్నమాట," అంది ఆవిడ.

సెలవు రోజున పెరట్లోని రేకుల షెడ్డులో మొదటి అతుకు వేశాడు. షాపులో అయితే అతుకు చుట్టూ గాలి రాకుండా గ్యాసు నింపే ఏర్పాటంతా ఉంటుంది. ఇక్కడ, చల్లారే అతుకు మీద గ్యాసు వదిలే రెండో గొట్టం పట్టుకోవడానికి ఇంకో మనిషి లేకపోయినా, ఒంటి చేత్తో నెగ్గుకురావాలనుకున్నాడు. చల్లారాక చూస్తే అతుకు నీలంగా, నెమలి మెడలా నిగనిగలాడుతోంది.

"ఎంత బాగుందో," అంది ఆవిడ.

ఆయన సుత్తి తీసుకుని ఒక్కటి వేశాడు. గొట్టం పుటుక్కున విరిగింది.

"ఆ రంగొచ్చిందంటే గాలి తాగిందని అర్థం. పెళుసైపోతుంది." ముక్కల్ని పక్కన పెట్టి తలవంచుకు కూర్చున్నాడు. "నీ బరువు దీనిమీద పెట్టి పంపించేవాణ్ణి."

"పంపలేదుగా. ఆ రెండో గ్యాసు గొట్టం ఎవరైనా పట్టుకుంటే అతుకు నిలుస్తుందా?"

"చెయ్యి వణక్కూడదు."

"పదేళ్లుగా బోర్డు మీద స్కేలు లేకుండా గీతలు గీస్తున్నా. ఇటివ్వండి."

నల్లద్దం ముసుగు పెట్టుకుని, ఆయన చేతి వెనకే గ్యాసు గొట్టాన్ని కదుపుతూ వచ్చింది. మంట ఆరాక కూడా, ఆయన చాలనేదాకా తియ్యలేదు. ఈసారి అతుకు వెండిలా తేలింది. సుత్తితో కొట్టినా చెక్కుచెదరలేదు. ఆయన ఇంకోసారి కొట్టబోతే, "చాల్లెండి, పాపం," అని ఆపింది.

వరసగా సెలవులన్నీ అలాగే గడిచాయి. తీరా చివరి రెండు అతుకులు మిగిలాక ఆయన నాన్చడం మొదలుపెట్టాడు. ఒకసారి గ్యాసు లేదన్నాడు, ఒకసారి మెడ పట్టేసిందన్నాడు.

"ఏంటండీ, ఆ అతుకుల్ని ఊరబెడుతున్నారా?"

ఆయన ముసుగు అద్దం తుడుస్తూ అన్నాడు, "అదయిపోతే పొద్దున్నే నాతో నీకేం పనుంటుంది?"

ఆవిడ నవ్వబోయి, ఆయన మొహం చూసి మానేసింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, నిప్పురవ్వల మచ్చలున్న ఆ చేతిని ఒళ్లోకి తీసుకుంది.

"కుర్చీ ఎత్తడానికా నేను మిమ్మల్ని చేసుకుంది? అప్పుడు నేను పరుగెత్తేదాన్ని కదా."

ఆ వారమే కుర్చీ పూర్తయింది. మొదటిరోజు ఆవిడ కారు సీట్లో కూర్చుని చక్రాలు ఊడదీసి, చట్రాన్ని ఒడి మీదుగా పక్క సీట్లోకి లాగబోతే కారు తలుపుకు గీత పడింది. ఆయన అడుగు ముందుకు వేశాడు. "అక్కడే ఉండండి," అంది. రెండోసారి కుదిరింది. కారు మలుపు తిరిగేదాకా ఆయన గేటు దగ్గరే నిలబడ్డాడు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక.

సాయంత్రం ఇద్దరూ చెరువు గట్టు దాకా బయలుదేరారు. అలవాటుగా ఆయన కుర్చీ వెనక్కి వెళ్లాడు. తోయడానికి పిడులు లేవు. పిడులు వద్దని ఆవిడే చెప్పింది. కుర్చీ గతుకుల మీద చిన్నగా ఊగుతూ ముందుకు పోతోంది.

"ఉక్కులా బిగుసుకుని ఉండదు, కాస్త ఊగుతుంది. అదొక లోపం," అన్నాడు సంజాయిషీగా.

"ఉండనివ్వండి. నా నడుముకు హాయిగా ఉంది. వెనకెందుకు, ఇటు రండి."

ఆయన పక్కకొచ్చి నడిచాడు. ఇన్నేళ్లూ దారిలో ఆవిడ కబుర్లు చెబుతుంటే ఆయనకు కనిపించింది జడా, మెడా మాత్రమే. ఇప్పుడు ఎవరో పిల్లాడు క్లాసులో చేసిన అల్లరి చెబుతోంది. నవ్వొచ్చే మాట అనబోయే ముందు ఆవిడ ఎడమ కనుబొమ కొంచెం పైకి లేస్తుందని ఆయన మొదటిసారి చూశాడు.

"వింటున్నారా?"

"వింటున్నా, చెప్పు," అన్నాడు, దారి చూసుకోకుండా నడుస్తూ.